బాక్సుల పంచాయితీ

ఈ నెల సౌండు బాక్సుల సంగతి రాస్తున్నాను. ముసలాయనకు ఇదేం పిచ్చి అని నవ్వకండి. చివరికి ఇది మన ఇండ్ల సంగతే.

సోలాపూర్‌లో మా గల్లీలో సౌండు పిచ్చోళ్ళు ఇద్దరున్నారు. ఒకాయన రేడియోలు బాగుచేసే మా బావ. ఇంకొకడు మా తమ్ముని కొడుకు. మార్కండేయ స్వామి రథం వచ్చినా, గణపతి వచ్చినా వీళ్ళ పంచాయితీ తెగదు.

బావ ఆంప్లిఫయర్‌లో 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, ఇంత లావు ట్రాన్స్‌ఫార్మర్. ఎత్తితే నడుము పట్టుకుంటది. పిల్లగానిది అరచేయంత క్లాస్ డి బోర్డు. వేడెక్కదు, కరెంటు తక్కువ తింటది. "దాంట్ల ప్రాణం లేదురా" అని బావ. "మీది బరువే తప్ప ఏం లేదు పెద్దనాయనా" అని వాడు.

నేనే ఒక ఉపాయం చెప్పాను. రెండు ఆంప్లిఫయర్ల మీద మన చాదరు కప్పాం. బాక్సు ఒకటే, పాట ఒకటే. మీటరు పెట్టి రెండింటి సౌండు సమానం చేశాం. ఎందుకంటే కొంచెం గట్టిగా మోగేదే మంచిదని చెవి మోసపోతది. మా మనవడు రూపాయి బిళ్ళ ఎగరేసి మార్చుతుంటే వీళ్ళు ఏది ఎవరిదో చెప్పాలి. పదిసార్లలో బావ ఆరు సరిగ్గా చెప్పాడు, పిల్లగాడు ఐదు. బిళ్ళ ఎగరేసి చెప్పినా అంతే వస్తది! ఓపికకు మించి మోగించనంతవరకు రెండూ ఒకటేనని తేలింది.

ఇంకో మాట. కొనేటప్పుడు డబ్బా మీద పీఎంపీఓ అని వెయ్యి వాట్లు రాసి ఉంటే నమ్మకండి. ఆర్ఎంఎస్ ఎంతో అడగండి. 50 వాట్లకు బదులు 100 వాట్లు తెచ్చినా పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి కొంచెమే ఎక్కువ, జేబుకు మాత్రం చాలా ఎక్కువ.

ఇక క్రాసోవర్ గొడవ. లావు నూలు, సన్న నూలు వేరు చేసినట్టు, బొంగురు సౌండును పెద్ద స్పీకర్‌కు, సన్న సౌండును ట్వీటర్‌కు పంపేది క్రాసోవర్. ఒక్క కెపాసిటర్ పెడితే వాలు తక్కువ, లావు సౌండు కూడా కొంత ట్వీటర్‌లోకి పోతది. అందుకని పిల్లగాడు కాయిల్ కూడా కలిపి 12 డెసిబెల్ వాలుది చేశాడు. రెండు సౌండ్లు కలిసే చోటు 4000 హెర్ట్జ్ దగ్గర. ట్వీటర్ వైర్లు మాత్రం తిప్పి కలిపాడు. "ప్లస్‌కు ప్లస్సే కలపాలె" అని బావ లేచాడు. "అట్ల కలిపితే కలిసే చోట ఒకటి ముందుకు తోస్తే ఇంకొకటి వెనక్కి గుంజుతది, నడుమ గుంట పడ్తది" అని వాడు.

రెండు రకాలుగా మోగించారు. వైర్లు తిప్పితే తాళాలు తేటగా ఉన్నాయని కోడలు చెప్పింది. చిన్న మనవరాలు కూడా చెప్పింది. బావ కూడా తల వంచి ఒప్పుకున్నాడు. అందరూ నా వైపు చూశారు. నాకు రెండూ ఒకటే.

"ఇంకోసారి పెట్టు" అన్నాను. మూడుసార్లు పెట్టారు. ఏ తేడా లేదు. ఎవరూ ఏం అనలేదు. మనవరాలు ఒక్కతే "తాతకు వినబడ్తలేదు" అంది.

మరునాడు కోడలే దవాఖానాకు తీసుకపోయింది. చెవులకు డబ్బాలు పెట్టి పరీక్ష చేసి, డాక్టరమ్మ గీత గీసిన కాగితం చూపించింది. 4000 దగ్గర గీత గుంటలోకి దిగింది. "లూముల మీద పని చేశారా?" అని ఆమే అడిగింది. మోతతో పోయే వినికిడి ముందు అక్కడే పోతదట. లోపలి సన్న వెంట్రుకల వంటివి చచ్చిపోతే మళ్ళీ మొలవవట. బాక్సులో పడే గుంట, నా చెవిలో గుంట ఒకే చోట. ఇక నాకు తేడా ఎట్ల తెలుస్తది?

ఇన్నేండ్లు ఇంట్లో వాళ్ళు మెల్లగా మాట్లాడుతున్నారని, నాకు చెప్పకుండా దాస్తున్నారని కోపం చేసుకున్నాను. వాళ్ళు మామూలుగానే మాట్లాడారు. 'స', 'త' లాంటి సన్న అక్షరాలు నాకు చేరలేదు, అంతే. ఈ మాట ఆ కోడలికి ముఖం మీద చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు అని ఫ్యాక్టరీ నియమం. మీటరు లేకపోయినా గుర్తుపట్టొచ్చు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే, ఆ మోత చెవిని తింటుందని అర్థం. ఉత్త దూది చాలదు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మందుల షాపులో దొరుకుతాయి. లూముల మీదికి పోయే కొడుకులకు, అల్లుళ్ళకు కొనిపెట్టండి. గణపతి ముందర బాక్సులకు ఆనుకొని చిన్న పిల్లలను నిలబెట్టకండి.

పంచాయితీలో పిల్లగాడే గెలిచాడు. బావ కూడా తన బాక్సుల వైర్లు తిప్పుకున్నాడు. నేను చెవి మిషన్ కోసం లైన్లో ఉన్నాను.

మీ ఇంట్లో ముసలాయన టీవీ గట్టిగా పెడితే తిట్టకండి. ఒకసారి పరీక్ష చేయించండి.