లాభం వ్యాపారిది, జాగ్రత్త మాత్రం రోగిదా?

కిందటి నెలలో మా వీధి చివరి ఇంటి పెద్దాయన ఒకరు నన్ను చూడవచ్చారు. పన్నెండేళ్లుగా మధుమేహంతో ఉన్న మనిషి. సంచిలో నుంచి మూడు సీసాలు తీసి బల్లమీద పెట్టి, "డాక్టరుగారూ, ఇవి మూడు నెలలు తాగితే షుగరు శాశ్వతంగా పోతుందని ఫోనులో చూపించారు. మాత్రలు మానేసి రెండు నెలలైంది" అన్నారు. రక్తపరీక్ష చేస్తే చక్కెర 412 ఉన్నది. చెప్పులు విప్పించి చూశాను. ఎడమ అరికాలిలో రూపాయి బిళ్లంత పుండు. నరాలు మొద్దుబారినందున అది ఉన్నట్లే ఆయనకు తెలియదు. ఆయన అనుమతితోనే ఈ సంగతి మీకు రాస్తున్నాను.

పుండుకు కట్టు కట్టి, ఆసుపత్రికి చీటీ రాసి, తరువాత భూతద్దంతో ఆ సీసా మీది అక్షరాలు చదివాను. మందుల తయారీ లైసెన్సు సంఖ్య ఎక్కడా లేదు. అడుగున చిన్న అక్షరాలలో ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ముద్ర, దానిపక్కన పద్నాలుగు అంకెల సంఖ్య ఉన్నవి. అది ఆహార పదార్థాలకిచ్చే లైసెన్సు. ఊరగాయ సీసా మీదా, బిస్కెట్ల పొట్లం మీదా ఉండేది అదే. అనగా ఆ సరుకు ఫోనులో మందు, కాగితం మీద తిండి. అమ్మేటప్పుడు ఒక వేషం, లైసెన్సు తీసుకునేటప్పుడు మరొక వేషం.

ఈ కథ వినగానే చాలామంది అనే మాట ఒకటున్నది: "నమ్మినవాడిదే తప్పు. ముందుగా విచారించుకోవద్దా?" నా ఆగ్రహమంతా ఈ మాట మీదనే. "జాగో గ్రాహక్ జాగో" అంటూ ప్రభుత్వం ఇరవై ఏళ్లుగా మనను మేలుకొలుపుతున్నది. మేలుకోవలసినది మనమేనా? అరవైయేళ్లు దాటి, చూపు మందగించి, రోగభయంతో ఉన్న మనిషి లైసెన్సులను పరిశోధించి తనను తాను కాపాడుకోవాలట! కాపాడడానికి జీతాలు తీసుకుంటున్నవారు మాత్రం ఫిర్యాదు వచ్చేదాకా వేచియుంటారట!

చట్టాలు లేకపోతే సరిపెట్టుకుందుము. కావలసినన్ని ఉన్నవి. మందులు, మంత్రచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954 నాటిది. దాని జాబితాలో 54 వ్యాధులున్నవి. మధుమేహం, క్యాన్సర్, పక్షవాతం, రక్తపోటు, గుండెజబ్బులు, కంటి శుక్లాలు అందులోనివే. వీటిని నయం చేస్తామని ఏ మందుకూ ప్రజలకు ప్రకటన ఇవ్వరాదు. అల్లోపతికైనా, ఆయుర్వేదానికైనా ఇదే కట్టడి. ఇది మందు కాదు, ఆహారమే అని తప్పించుకోబోతే, వ్యాధిని నయం చేస్తుందని ఆహారానికి ప్రచారం చేయరాదని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు చెబుతున్నవి. మందు అన్నా నేరమే, తిండి అన్నా నేరమే. అయినా ఆ ప్రకటన ఆ ముసలాయన ఫోనులోకి నిరాటంకంగా ప్రవేశించింది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం దానికున్నది. ప్రచారం చేసిపెట్టిన తారలనూ అది శిక్షించవచ్చును. ఇన్ని ఉండి కూడా పతంజలి సంస్థ ప్రకటనల మీద భారత వైద్య సంఘం 2022లో సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ పత్రికలలో క్షమాపణ ప్రచురించగా, మీ ప్రకటనలు ఎంత పెద్దవో ఈ క్షమాపణ అంత పెద్దదిగా ఉన్నదా అని న్యాయస్థానం నిలదీసింది. ప్రతి సీసాకూ ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్లగలరా?

ఇతరులను విమర్శించే ముందు మా వృత్తి సంగతీ చెప్పాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు నావంటి వైద్యులెందరో నొచ్చుకున్నాము. అందరికీ ఉచితంగా చికిత్స చేసే ఆసుపత్రులకు అది వర్తించదని తెలిసి, ప్రభుత్వ వైద్యుడినైన నేను ఊపిరి పీల్చుకున్నాను కూడా. అది పొరపాటని నేడు ఒప్పుకుంటున్నాను. ప్రశ్నించే హక్కు రోగికి ఉండవలసిందే. రోగులను ఆకర్షించడానికి వైద్యుడు ప్రకటనలివ్వరాదని 2002 నాటి వైద్య నియమావళి స్పష్టంగా చెబుతున్నా, నేడు ఆరోగ్య సలహా పేరిట వచ్చే వీడియోలెన్నో చివరికి ఒక ప్యాకేజీ ధరతో, ఒక ఫోను నంబరుతో ముగుస్తున్నవి. తెల్లకోటు వేసుకున్నంత మాత్రాన వ్యాపార ప్రకటన వైద్యవిజ్ఞానం కాజాలదు.

ఇక ఆ పెద్దాయన కుమారుడి అనుభవం వినండి. డబ్బు తిరిగి రాబట్టుకుందామని ఫోనులో "వినియోగదారుల ఫిర్యాదు" అని వెతికాడు. అన్నిటికంటే పైన కనిపించిన చోటు ప్రభుత్వానిదేనని నమ్మి, ఫిర్యాదు నమోదు రుసుమంటే 999 రూపాయలు కట్టాడు. అదొక ప్రైవేటు దుకాణం. వెతికినప్పుడు పైన కనబడేది సత్యమైనది కానక్కరలేదు, డబ్బు చెల్లించి అక్కడ కూర్చున్నది కావచ్చును. మోసపోయినవాడు న్యాయం వెతుక్కునే దారిలోనూ మరొక మోసం కాచుకుని ఉన్నది.

కనుక అసలు దారులేవో ఇక్కడ రాస్తున్నాను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. రుసుము లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చును. అది న్యాయస్థానం కాదు. మీ ఫిర్యాదును సంస్థకు పంపి పరిష్కారానికి ప్రయత్నిస్తుంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువున్నది. మందు వికటిస్తే 1800-180-3024కు చెప్పండి. ఖాతాలో డబ్బు కాజేస్తే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి. మందుల గరిష్ఠ ధరలను ఫార్మా సహీ దామ్‌లో చూడవచ్చును. ప్రభుత్వ చిరునామా చివర "గవ్ డాట్ ఇన్" ఉంటుంది. అది లేనిచోట ప్రభుత్వం పేరిట డబ్బడిగితే వెనుదిరగండి. ప్రకటన కనబడగానే ఫోటో తీసి ఉంచుకోండి, రేపటికి అది మాయమవుతుంది. బిల్లునూ, ఖాళీ సీసానూ పారవేయవద్దు.

అయితే ఈ జాబితా ఇచ్చి నా బాధ్యత తీరిందనుకోను, ప్రభుత్వ బాధ్యత తీరనివ్వను. నా కోరికలు మూడు. ఆరోగ్యం పేరిట అమ్మే ప్రతి సరుకు ప్రకటనలోనూ అది మందో, ఆహారమో, లైసెన్సు సంఖ్యతో సహా పెద్ద తెలుగు అక్షరాలలో కనబడాలి. నాసిరకమని తేలిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా ఇంగ్లీషులో ప్రకటిస్తున్నది. దానిని రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలూ తెలుగులో ప్రతి మందుల దుకాణం ముందూ అంటించాలి. ప్రకటనకు డబ్బు పుచ్చుకున్న సామాజిక మాధ్యమ సంస్థ, ఆ ప్రకటన అబద్ధమైతే జరిమానాలో పాలు పంచుకోవాలి. లాభంలో వాటా తీసుకున్నవాడు నష్టంలో తప్పుకోవడం ఏ న్యాయం?

ఆ పెద్దాయనకు ఆసుపత్రిలో కాలి వేలు ఒకటి తీసివేశారు. పాదం దక్కింది. మొన్న మళ్లీ వచ్చి, "నాకు ఇంగ్లీషు రాదు గాని అంకెలు చదవగలను. ఆ సంఖ్య ఎక్కడుంటుందో చూపించండి, మా వాళ్లకు చెబుతాను" అన్నారు. చూపించాను. 1915కు ఆయన చేతనే ఫోను చేయించాను. ఫిర్యాదు సంఖ్య వచ్చింది. ఆ సీసా ప్రకటన మాత్రం ఈ ఉదయం కూడా నా ఫోనులో కనబడింది.