పెట్టె మీది వాట్లు

తెలుగు చెప్పుకొనే ఉపన్యాసకునికి విద్యుత్ యంత్రాలతో పనేమిటని కొందరు అడుగవచ్చు. కిందటి వార్షికోత్సవంలో ముషాయిరా సాగుతుండగా, మన విద్యార్థులు స్వయంగా కట్టిన ఆంప్లిఫైయరు హఠాత్తుగా మూగబోయింది. అరువు తెచ్చిన స్పీకరు కాయిలు మాడిన వాసన ముందు వరుసలోని పెద్దలందరికీ తెలిసింది. కవిగారి షేరులో రెండవ పాదం సభకు చేరనే లేదు. నాటినుండి ఈ సంగతి నాది కూడా అయింది.

ఆ పెట్టె మీద '200 వాట్లు' అని రాసి ఉన్నది. లోపల రెండు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లున్నాయనీ, ఒక్కొక్కటి 115 వాట్లదనీ పిల్లలు లెక్క చెప్పారు. కాని ఆ 115 వాట్లు స్పీకరుకు అందే శక్తి కాదు. తొడుగును 25 డిగ్రీల వద్ద నిలుపగలిగినప్పుడు ఆ ట్రాన్సిస్టరు భరించగల వేడి. వేసవిలో నీడపట్టునే 40 డిగ్రీలు దాటే అనంతపురంలో ఆ మాటకు విలువ ఎంత? వేడికి ఒక ట్రాన్సిస్టరు లోపల కలిసిపోయింది. సరఫరా వోల్టేజి నేరుగా స్పీకరు మీద పడింది.

భౌతికశాస్త్ర మిత్రుని సాయంతో దానిని బాగుచేసి, ఈసారి కొలిచాము. స్పీకరుకు బదులు 8 ఓముల నిరోధాన్ని తగిలించి, ఆసిలోస్కోపు తెర మీద తరంగపు కొనలు చదునయ్యే అంచు వరకు పెంచగా 12 వోల్టులు వచ్చినవి. 12ను 12తో హెచ్చించి 8తో భాగిస్తే 18 వాట్లు! బోరుమోటార్లు తిరిగే వేళ 230 వోల్టుల కరెంటు 190కి దిగితే, అదీ సుమారు 12 వాట్లే.

పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. చిన్నబుచ్చుకోనక్కరలేదు. శక్తి రెండింతలైనా పెరిగే ధ్వని 3 డెసిబెల్లే; నిజమైన 18 వాట్లు మన హాలుకు చాలును.

ఇకపై విద్యార్థులు చేసినవి సభకు వద్దు, బజారు సెట్టే అద్దెకు తెద్దామన్న మాట కమిటీలో వినవస్తున్నది. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. మొదటి నమూనా చిత్తుప్రతి వంటిది. చిత్తుప్రతిలో తప్పులుండటం నేరం కాదు. దిద్దకుండా సభలో చదవటమే తప్పు. వాన నమ్మి వేరుశనగ వేసిన ఇళ్లనుండి వచ్చే మన పిల్లలకు చేతిలో ఒక పని ఉండటం చిన్న విషయం కాదు.

కావున కమిటీ పెద్దలకు నా మనవి: నిషేధానికి బదులు ఒక పరీక్షబల్ల ఏర్పాటు చేయండి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు వరుసలో ఒక పాతకాలపు తీగబల్బు ఉండాలి; అది ఒక్కసారి మెరిసి మసకబారక, వెలుగుతూనే ఉంటే లోపల తప్పున్నట్లే. స్పీకరు కలిపేముందు అవుట్‌పుట్ వద్ద డి.సి. వోల్టేజి చూడాలి. పూర్తి శక్తితో గంటసేపు, అదీ ఎండకాలపు మధ్యాహ్నం, నడిపి చూడాలి.

విద్యార్థులకు నా మాట ఒక్కటే. పెట్టె మీద 18 అనే రాయండి. దాని కింద, ఏ తేదీన, ఎన్ని వోల్టుల వద్ద, ఎంత ఎండలో కొలిచారో కూడా రాయండి. వచ్చే ముషాయిరాలో రెండవ పాదం వినవలసిన వారిలో నేనూ ఉన్నాను.