చలాన్ అదే రోజు వస్తుంది, రీకాల్ కబురు మాత్రం రాదు

2025 జులైలో ఎర్రగుంట్ల మండలం పోట్లదుర్తిలో, తెల్లవారుజామున ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ పేలి ఒక పెద్దావిడ ప్రాణం పోయింది. ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల వైపు పోయే వాళ్లందరికీ పోట్లదుర్తి తెలిసిన ఊరే. ఆ వార్త వచ్చాక మన మహల్లాల్లో చాలామంది రాత్రిపూట స్కూటర్‌ను వరండాలోకి మార్చారు. వరండా లేని వాళ్లు ఏం చేస్తారు? రెండు గదుల ఇల్లు, ముందు సందు, సందులో నీళ్ల డ్రమ్ము. బండి హాల్లోనే ఉంటుంది, పిల్లలూ అక్కడే పడుకుంటారు.

ఆ బండి ఏ కంపెనీది, తప్పు ఎక్కడ జరిగింది అనే దాంట్లోకి నేను పోవడం లేదు. నేను అడిగేది వేరే. రేపు ఏదైనా కంపెనీ తన బండిలో మంట లేచే ప్రమాదం ఉందని గుర్తించి వెనక్కి పిలిస్తే, ఆ కబురు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఆ బండిని నడుపుతున్న మనిషికి చేరుతుందా? నాకు తెలిసినంతలో చాలామందికి చేరదు. ఎందుకో చూద్దాం.

ముందు రీకాల్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఆ మాట వినగానే బండి పనికిరానిది అనుకుంటారు. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా తయారైన బండ్లలో ఒక భాగం తేడాగా ఉందని తేలితే, కంపెనీ వాటిని పిలిపించి పరీక్ష చేసి, అవసరమైతే ఆ భాగాన్ని ఉచితంగా మారుస్తుంది. అంతే. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, బుల్లెట్, మీటియర్ బండ్లను 2,36,966 దాకా వెనక్కి పిలిచింది. మన దేశంతో పాటు థాయ్‌లాండ్, ఇండోనేషియా, మలేషియా లాంటి దేశాల్లో అమ్మినవి కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి. ఇగ్నిషన్ కాయిల్‌లో లోపం వల్ల ఇంజన్ మిస్‌ఫైర్ కావచ్చని, అరుదుగా షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చని చెప్పింది. అందులో పది శాతం కంటే తక్కువ బండ్లకే కాయిల్ మార్చాల్సి వస్తుందని కూడా చెప్పింది. కానీ ఆ రోజులు గుర్తు తెచ్చుకోండి. కరోనా రెండో అల, రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ. ఆక్సిజన్ బెడ్డు కోసం తిరుగుతున్న ఇంట్లో బుల్లెట్ కాయిల్ గురించి ఎవరు ఆలోచిస్తారు?

మన సీమలో బుల్లెట్ అంటే ఒక హోదా. పులివెందులలో ఏ పెళ్లికి పోయినా కల్యాణ మండపం ముందు ఎన్ని బుల్లెట్లు నిలబడి ఉంటాయో చూస్తే తెలుస్తుంది. 2022 ఏప్రిల్ మొదట్లో గుంతకల్లు దగ్గర కసాపురం ఆంజనేయస్వామి గుడి ముందు, పూజ చేయించడానికి మైసూరు నుంచి తెచ్చిన కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ మంటల్లో కాలి పేలిపోయిన వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. ఆ బండికీ 2021 రీకాల్‌కూ సంబంధం ఉందని నేను అనడం లేదు. ఆ వీడియో మాత్రం రీకాల్ ప్రకటన కంటే వంద రెట్లు ఎక్కువ మంది చూశారు. మనకు మంట కనబడితేనే భయం. మంట రాకముందు వచ్చే కాగితం అంటే లెక్కలేదు.

అదే 2022 ఏప్రిల్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల వరుస మొదలైంది. అంతకు ముందు నెలలోనే వెల్లూరులో తండ్రీకూతుళ్లు చనిపోయారు. నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు. కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ కంపెనీలను హెచ్చరించారు, లోపం ఉన్న బండ్లను మీ అంతట మీరే వెనక్కి పిలవండి అన్నారు. ఆ ఏప్రిల్‌లోనే ఒకినావా 3,215, హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 బండ్లను వెనక్కి పిలిచాయి. మూడూ కలిపితే 6,656. నేను బీకాం చదివినోణ్ని, కూడికలు నాకు అలవాటు. కానీ ఇక్కడ నాకు కావలసిన అంకె వేరే: ఆ 6,656లో ఎన్ని బండ్లు నిజంగా సర్వీస్ సెంటర్‌కు పోయాయి? ప్రకటన రోజు అంకె పేపర్లో వస్తుంది. ఏడాది తర్వాత ఎన్ని బాగు చేశారన్న అంకె ఎవరూ వేయరు, మేం రిపోర్టర్లం కూడా అడగం. అది మా తప్పే.

ఇప్పుడు కబురు దారి చూద్దాం. షోరూంలో బండి కొన్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరుకు కంపెనీ మెసేజ్ పంపుతుంది, లేదా షోరూం వాళ్లు ఫోన్ చేస్తారు. మన జిల్లాలో ఆ నంబరు ఎవరిది? కువైట్‌లో ఉన్న అన్న డబ్బు పంపితే బండి ఆయన పేరు మీద కొంటారు, నడిపేది తమ్ముడు. అన్న ఇండియా సిమ్ రీఛార్జ్ లేక ఎప్పుడో ఆగిపోయింది. లేదంటే మొదటి యజమాని రెండేళ్లు నడిపి అమ్మేశాడు, కొన్నవాడు ఇంకొకరికి అమ్మాడు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయించుకుని మడిచి బీరువాలో పెట్టుకుంటారు తప్ప పేరు మార్పు చేయించరు. చట్టం ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు చెప్పాలి. ప్రొద్దుటూరు సెకండ్ హ్యాండ్ బజారులో ఈ గడువు సంగతి చెబితే నవ్వుతారు.

నా సంగతే చెబుతా. నేను వాడే స్కూటర్ సెకండ్ హ్యాండ్‌దే. ఆర్సీ నా పేరు మీదికి మార్చుకున్నా. అయినా సర్వీస్ ఆఫర్లు, వారంటీ కబుర్లు ఇప్పటికీ పాత యజమానికే పోతున్నాయి. ఆయన మంచివాడు కాబట్టి అప్పుడప్పుడు నాకు ఫార్వర్డ్ చేస్తాడు. అదే స్కూటర్ మీద హెల్మెట్ లేకుండా ఒకసారి దొరికితే చలాన్ అదే రోజు నా ఫోన్‌కు వచ్చింది. అంటే ఈ బండి ఎవరిదో ప్రభుత్వానికి తెలుసు, కంపెనీకే తెలియదు. జరిమానా వసూలుకు పనికొచ్చిన రికార్డు ప్రాణం కాపాడే కబురుకు పనికిరాదా?

అమెరికాలో ఈ పని ఎలా చేస్తారంటే, రాష్ట్రాల రిజిస్ట్రేషన్ రికార్డుల నుంచి ఇప్పటి యజమాని చిరునామా తీసుకుని కంపెనీ ఉత్తరం పంపాలి, దానికి గడువు కూడా ఉంది. 2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా కలిపి 33 లక్షలకు పైగా పాత కార్లను అక్కడ వెనక్కి పిలిచాయి. బ్రేకులకు సంబంధించిన ఒక యూనిట్‌లో ద్రవం కారి షార్ట్ సర్క్యూట్ అయి ఇంజన్ దగ్గర మంట లేచే ప్రమాదం ఉందని, ఆపి ఉంచినప్పుడు కూడా అంటుకోవచ్చని చెప్పాయి. బాగు చేసేదాకా కారును ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టుకోమన్నాయి. ఆ కార్లకూ మన పక్క పెనుకొండలో తయారయ్యే కియాలకూ ముడిపెట్టొద్దు, అవి వేరు. నేను చెప్పేది ఆ ఒక్క సూచన గురించి: ఆరుబయట పెట్టుకోండి. డల్లాస్‌లో పెద్ద పార్కింగ్ ఉన్న వాళ్లకు అది చిన్న మాట. మన సందుల్లో ఆరుబయట అంటే రోడ్డే. రోడ్డు మీద పెడితే తెల్లారేసరికి పెట్రోలు ఉండదు.

మన చట్టంలోనూ లేక కాదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఏ అనే సెక్షన్ చేర్చారు. బండిలో లోపం వల్ల నడిపేవారికి గానీ, ఎక్కినవారికి గానీ, రోడ్డు మీద ఇతరులకు గానీ హాని కలిగేటట్టుంటే వెనక్కి పిలవమని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. కొన్న డబ్బు తిరిగి ఇవ్వడమో, వేరే బండి ఇవ్వడమో, లోపాన్ని బాగు చేయడమో కంపెనీ చేయాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల్లో తప్పనిసరి రీకాల్‌కు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పెట్టారు. ఫిర్యాదుల కోసం వాహన్ పోర్టల్‌లో ఒక విభాగం ఉంది. ఫలానా సంఖ్యలో ఫిర్యాదులు వస్తేనే విచారణ మొదలవుతుంది. ఇక్కడే మనకు దెబ్బ. మన వాళ్లు బండి కాలిపోతే ఎక్కడ చెబుతారు? మెకానిక్ షెడ్డులో, టీ కొట్టులో చెబుతారు. షెడ్డులో పడిన ఫిర్యాదు లెక్కలోకి రాదు. ఇంకో మెలిక, ఈ నిబంధనలు ఏడేళ్ల లోపు బండ్లకే. జమ్మలమడుగులో రోజూ గిరాకీకి తిరిగే ఆటోలు, పాత కార్లలో ఎన్నిటికి ఏడేళ్లు దాటాయో ఆ స్టాండులో నిలబడి చూస్తే చాలు.

కబురు చేరినా పోని వాళ్లున్నారు. వాళ్లను తిట్టడం తేలిక. సర్వీస్ సెంటర్ లేని కంపెనీ బండి అయితే జమ్మలమడుగు మనిషి ప్రొద్దుటూరుకో కడపకో పోవాలి. పులివెందుల నుంచి కడప 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రీకాల్ పని ఉచితమే, కానీ ఆ రోజు గిరాకీ పోతుంది, ఫైనాన్స్ కంతు మాత్రం ఆగదు. పోయాక విడిభాగం రాలేదు, వారం తర్వాత రా అంటే మళ్లీ పోయే ఓపిక ఎవరికి ఉంటుంది? ఇంకొందరు కావాలనే దాస్తారు. రీకాల్ అయిన బండి అని తెలిస్తే అమ్మేటప్పుడు ధర పడిపోతుందని భయం. నిజానికి తలకిందులుగా ఉండాలి: రీకాల్ పని పూర్తయిన కాగితం ఉన్న బండికే ఎక్కువ ధర రావాలి. ఈ భయం కంపెనీలకూ ఉంది. 2010లో నానో కార్లు కొన్ని కాలినప్పుడు టాటా మోటార్స్ ఉచితంగా అదనపు రక్షణ భాగాలు వేస్తామంది, కానీ ఇది రీకాల్ కాదు అని గట్టిగా చెప్పింది. మాట మారిస్తే భయం తగ్గుతుందేమో. అయితే ఉచితంగా వేస్తామంటే వీలున్నప్పుడు పోదాం అనిపిస్తుంది, మంట లేవొచ్చు అంటేనే ఇవాళే పోవాలనిపిస్తుంది.

మన వైపు తప్పు లేదని కూడా అనను. కొన్న వారానికే ఎక్స్‌ట్రా హారను, రంగుల లైట్లు, మ్యూజిక్ సిస్టం. షోరూం వైరింగ్ కోసి టేపు చుట్టి కలుపుతారు, ఫ్యూజు ఎగిరిపోతుంటే పెద్ద ఫ్యూజు వేస్తారు. ఫ్యూజు పని ఎగిరిపోవడమే. అది ఎగరకపోతే వైరు కాలుతుంది. ఎండాకాలం మన దగ్గర 44 డిగ్రీలు, పెట్రోలు పైపు రబ్బరు ఎండి పగుళ్లు వస్తుంది. కారే పెట్రోలు, నిప్పురవ్వ ఒకచోట కలిస్తే లోపం కంపెనీదా మనదా అని తేల్చడానికి బండి మిగలదు. లిథియం బ్యాటరీ అయితే ఇంకా కష్టం. ఒక సెల్ వేడెక్కితే పక్క సెల్‌ను వేడెక్కిస్తుంది, నీళ్లు పోసినా మళ్లీ అంటుకుంటుంది. ఎండలో తిరిగొచ్చిన బండిని చల్లారనీయకుండా ఛార్జింగ్ పెట్టొద్దు. బండితో వచ్చిన ఛార్జరే వాడాలి. రాత్రంతా పెట్టి నిద్రపోవద్దు, ముఖ్యంగా గడప దగ్గర, మెట్ల కింద పెట్టొద్దు, మంట లేస్తే బయటికి పోయే దారి అదే కాబట్టి.

ఇన్సూరెన్స్ సంగతి ఒక ముక్క. పోలీసులు అడుగుతారని మనం కట్టేది ఎక్కువగా థర్డ్ పార్టీ పాలసీ. అది ఎదుటివాడి నష్టానికే. మన బండి నిలబడిన చోట కాలిపోతే అందులో రూపాయి రాదు. కంతులు మాత్రం కాలిపోయిన బండికి కూడా కట్టాల్సిందే.

ఈ వారం చేయగలిగిన పని ఒకటుంది. ఆర్సీ మీద ఛాసిస్ నంబరు ఉంటుంది. వాహన తయారీదారుల సంఘం సియామ్ వెబ్‌సైట్‌లో స్వచ్ఛంద రీకాల్‌ల పేజీ ఉంది, చాలా కంపెనీల సొంత సైట్లలో కూడా ఉంటుంది. కంపెనీ సైట్‌లో ఆ నంబరు కొడితే మీ బండి రీకాల్‌లో ఉందో లేదో తెలుస్తుంది. ఫోన్ వాడడం రాని ఆటో డ్రైవర్ భాయ్‌లకు మన కుర్రాళ్లు జుమా నమాజు తర్వాత పది నిమిషాలు కూర్చుని చూసిపెట్టొచ్చు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు బేరం ఆడేముందే చూసుకోండి.

రవాణా శాఖను అడగాల్సింది కూడా చిన్నదే. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు, పేరు మార్పు చేసేటప్పుడు, ఆటోకు ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు కంప్యూటర్‌లో బండి నంబరు ఎలాగూ కొడతారు. ఆ నంబరు మీద బాకీ చలాన్లు కనిపిస్తున్నాయి. బాకీ ఉన్న రీకాల్ కూడా అదే తెరమీద కనిపించేలా చేయమని ప్రొద్దుటూరు, పులివెందుల ఆటో యూనియన్లు ఒక అర్జీ రాసి ఇస్తే, రాసిపెట్టడానికి నేను సిద్ధం.