త్వరలో వెలువడును

మా కాలేజీలో లెక్కలు చెప్పే కుర్రాడొకడు ఈ మధ్య కొత్త కెమెరా కొన్నాడు. చెల్లెలి పెళ్ళికని కొన్నాడు. పెళ్ళయి నెల దాటింది. "ఏమయ్యా, పెళ్ళి ఫొటోలు చూపించవేం?" అని అడిగాను.

"ఇంకా చూడ్డానికి లేదు మాస్టారూ! కెమెరాతో పాటు ఇచ్చిన సాఫ్ట్‌వేరు ఈ కెమెరా బొమ్మల్ని తెరవడం లేదు. కొత్తది వచ్చే నెల వస్తుందిట. రాగానే అన్నీ ఒకేసారి దిద్ది చూపిస్తాను" అన్నాడు.

"వచ్చే నెల" అన్న ఆ మాట వినేసరికి నాకు నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు మరొకటి కూడా వచ్చింది. ఆ రెండోది ఏమిటో చెప్పుకోవడానికే ఈ వారం ఈ పేజీ వాడుకుంటున్నాను.

2013 డిసెంబరులో నేనూ ఒక కెమెరా కొన్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి అంత ఖరీదైన కెమెరా ఎందుకని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కాని దానికి నా దగ్గర జవాబు ఉంది. కోనసీమలో మా తాతగారు కట్టించిన మండువా లోగిలి అమ్మేశాం. సంక్రాంతి వెళ్ళగానే కొన్నవాళ్ళు ఇల్లు విప్పేస్తారు. దూలాలూ, స్తంభాలూ, తలుపులూ ఎవరి బేరం వాళ్ళు మాట్లాడుకున్నారు కూడాను. ఆ ఇల్లు నేలమీద ఉండగానే ఒక్క మంచి ఫొటో తీయాలని నా కోరిక.

మరో కారణం కూడా ఉంది. నాన్నగారికి నీటికాసులు. ఇది శుక్లాల వంటిది కాదు, ఆపరేషను చేసి చూపు తెచ్చుకోవడానికి. పోయిన చూపు పోయినట్టే, తిరిగి రాదు. చుక్కల మందు వేసుకుంటూ ఉన్నది నిలబెట్టుకోవాలి. ముందు పక్కచూపు పోతుంది. అప్పటికే ఆయనకి లోకమంతా వెదురుగొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తోంది. "ఇల్లు పోతే పోయిందిలే, ఫొటో ఒకటి తియ్యరా, రోజూ కాస్త చూసుకుంటాను" అన్నారు.

కెమెరా పెట్టెలో ఒక డిస్కూ, దానితో ఒక కార్డూ ఉన్నాయి. డిస్కులో ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరు. కార్డు మీద రాసిందేమిటంటే, దీని కొత్త కూర్పు త్వరలో వెలువడుతుంది, ఈ పెట్టె కొన్నవారికి అది ఉచితం అని. ఉచితమన్న మాట చదివాక మనిషి మిగతా మాటలు చదవడు గదా! నేనూ చదవలేదు.

సంక్రాంతికి మా ఊరు వెళ్ళాం. మండువా లోగిలి చూసినవాళ్ళకి తెలుస్తుంది, అది ఫొటోకి ఎంత పేచీకోరో. నడిమధ్య ఆకాశానికి తెరిచిన వాకిలి. అక్కడ కళ్ళు చెదిరే ఎండ. చుట్టూ వసారాల్లో చల్లటి చీకటి. వాకిట్లో తులసికోట కనిపించేలా తీస్తే వసారాలో పడక్కుర్చీలో కూర్చున్న నాన్నగారు నల్లటి మచ్చ. నాన్నగారు కనిపించేలా తీస్తే వాకిలంతా సున్నం కొట్టినట్టు తెల్లన.

ఇలాంటి చోటికే "రా" అనే పద్ధతి ఉందని కొట్టువాడు చెప్పాడు. రా అంటే పచ్చిది. మామూలు జేపెగ్ ఫొటో వండి వడ్డించిన అన్నం అనుకుంటే, ఇది బియ్యం. జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకి వెలుగునీడల మెట్లు 256. పద్నాలుగు బిట్ల పచ్చి బొమ్మలో 16,384. అంచేత చీకట్లో దాగినదాన్ని తరవాత తీరిగ్గా వెలుగులోకి తెచ్చుకోవచ్చు. రెండు రకాలూ ఒకేసారి తీసే సదుపాయం కెమెరాలో ఉంది. కాని అన్నం ఎవరిక్కావాలి, మనం స్వయంగా వండుకుంటాం అనుకుని, ఉత్త పచ్చి బొమ్మలే తీశాను. నలభై రెండు తీశాను.

ఇంటికి వచ్చి డిస్కు పెట్టి చూద్దును గదా, సాఫ్ట్‌వేరు నా బొమ్మల్లో ఒక్కటీ తెరవనంది!

విషయం ఏమిటంటే, పచ్చి బొమ్మని ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా రాస్తుంది. ఒకే కంపెనీ వారైనా కొత్త నమూనా తెచ్చినప్పుడు ఆ రాతలో ఏదో మార్పు చేస్తారు. సాఫ్ట్‌వేరుకి ఆ నమూనా వ్యాకరణం ఎవరో నేర్పితే తప్ప చదవలేదు. నా డిస్కు ఆ కెమెరా కంటె ముందు పుట్టింది. పాత శాసనం ముందు లిపి తెలియని పండితుణ్ణి నిలబెట్టినట్టుంది నా పని. రాయి ఉంది, రాత ఉంది, చదివే దిక్కు లేదు. కొత్త కూర్పు వస్తే చదువుతుంది. కొత్త కూర్పు "త్వరలో" వస్తుంది.

ఇల్లు అమ్మాక అమ్మా, నాన్నగారూ మా దగ్గరికి రాజమండ్రి వచ్చేశారు. రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ నాన్నగారు అడిగేవారు.

"వచ్చిందిట్రా ఆ కూర్పు?"

"ఇంకా లేదండీ. వచ్చే నెలట."

జనవరి వెళ్ళింది. ఫిబ్రవరి వెళ్ళింది. మధ్యలో కంపెనీవాళ్ళకి రెండు ఉత్తరాలు రాస్తే, తమపై ఉంచిన నమ్మకానికి కృతజ్ఞతలని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది. మా ఆవిడ మాత్రం, "పాపం వాళ్ళననడం దేనికి లెండి! పదేళ్ళ నుంచీ మీ పీహెచ్‌డీ వ్యాసం కూడా త్వరలోనే వెలువడుతోంది గదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఫొటో అంటేనే ఎదురుచూపు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు తయారుచేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరా ఒక్క నలుపు తెలుపు బొమ్మని క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుందిట. మన చిన్నప్పుడు రీలులో ముప్ఫయి ఆరు బొమ్మలూ పూర్తయ్యేదాకా కడగడానికి ఇచ్చేవాళ్ళం కాదు. దసరాకి తీసిన ఫొటో సంక్రాంతికి చూసుకునేవాళ్ళం. మరి నేను మూడు నెలలు ఆగితే తప్పేమిటి?

అయితే అంతకు ముందు కాలంలో తడిపలక పద్ధతి అని ఒకటి ఉండేది. గాజుపలకకి మందు పూసి, అది ఆరిపోయేలోగా ఫొటో తీయడమూ, కడగడమూ కూడా అయిపోవాలి. ఆరిందా, బొమ్మ పోయినట్టే. నా ఇంట్లో ఒక పలక రోజురోజుకీ ఆరిపోతోందన్న సంగతి మాత్రం నాకు తోచలేదు.

ఉగాది రేపనగా, కెమెరాకి సంచీ కొందామని మెయిన్ రోడ్డు మీద ఒక స్టూడియోకి వెళ్ళాను. అక్కడి అబ్బాయితో నా గోడు చెప్పుకున్నాను. వాడు శ్రద్ధగా విని, "అయితే మాస్టారూ, కెమెరా వెనక తెర మీద బొమ్మలు కనపడుతున్నాయాండీ?" అన్నాడు.

"కనపడకేం? రోజూ చూస్తున్నాను."

"మరి ఆ కనపడేది ఎక్కణ్ణుంచి వస్తోందనుకున్నారండీ?"

తీరా చూస్తే సంగతి ఇదీ. పచ్చి బొమ్మ ఫైలు ప్రతిదానిలోనూ, తెర మీద చూపించడం కోసం, కెమెరా తానే వండిన జేపెగ్ ఒకటి దాచి పెడుతుంది. బియ్యం బస్తాలోనే గిన్నెడు అన్నం! ఆ అబ్బాయి ఏదో చిన్న ప్రోగ్రాముతో అయిదు నిమిషాల్లో నలభై రెండూ బయటికి తీశాడు. వాటిలో మంచిదొకటి ఎంచి పెద్ద సైజులో అచ్చు వేయించి తెచ్చాను. వసారా చీకటిగానే ఉంది. అయినా ఫొటో ఫొటోయే.

ఉగాది పచ్చడి తిన్నాక నాన్నగారి చేతికిచ్చాను. ఆయన దగ్గరగా పెట్టుకుంటారనుకున్నాను. చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నారు. గొట్టంలోంచి చూసేవాళ్ళకి బొమ్మ దూరం జరిగితేనే ఎక్కువ భాగం కంటికి ఆనుతుంది. అంత పెద్ద సైజు అచ్చు వేయించిన నా తెలివికి నాకే సిగ్గేసింది. మెల్లిగా తల తిప్పుతూ ముక్కముక్కగా చూశారు. తులసికోట దొరికింది. స్తంభాలు లెక్కపెట్టారు. పడక్కుర్చీ దొరికింది. చాలాసేపు చూసి, "మీ అమ్మేదిరా?" అన్నారు.

"అమ్మ అందులో లేదండీ. అప్పుడు వంటింట్లో ఉంది."

"అదేం ఫొటోరా, మీ అమ్మ లేకుండా ఆ ఇల్లేమిటి?" అన్నారు. అన్నారే గాని ఫొటో మంచం పక్కనే పెట్టుకున్నారు. రోజూ చూసేవారు.

కొత్త కూర్పు జూన్‌లో వచ్చింది. నిజం ఒప్పుకోవాలి, ఆలస్యంగా వచ్చినా గొప్పగా వచ్చింది. నా బొమ్మలన్నీ చక్కగా తెరిచింది. నీడల్ని పైకి తెచ్చే మీట ఒకటుంది. దాన్ని మెల్లిగా జరుపుతుంటే వసారాలో గోడ కనిపించింది, గోడకి వేలాడే పంచాంగం కనిపించింది, చివర వంటింటి గుమ్మం కనిపించింది. గుమ్మంలో ఎవరో నించున్నట్టుంది. ఇంకాస్త జరిపాను. అమ్మ. ద్వారబంధానికి ఆనుకుని, కొంగు కళ్ళకి అద్దుకుంటోంది.

అమ్మని పిలిచి చూపిస్తే, "అదేమిట్రా, ఏడుస్తోంటే తీశావూ?" అంది.

ఈసారి చిన్న సైజులో అచ్చు వేయించాను. కాని అప్పటికి నాన్నగారి ఎడమకంటి చూపు పూర్తిగా పోయింది. కుడికంటికి వెలుగూ చీకటీ తెలిసేది, మనుషుల మొహాలు ఆనేవి కావు. ఫొటో చేతిలో పెట్టుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పి, అమ్మకిచ్చారు. "ఏముందో చెప్పు" అన్నారు.

అమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. ఇదిగో తులసికోట, ఇదిగో మీరు, ఇదిగో పంచాంగం.

"నువ్వూ ఉన్నావుటగా, అబ్బాయి చెప్పాడు. ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను, వంటింటి గుమ్మంలో."

"ఏం చేస్తున్నావు?"

అమ్మ ఒక్క క్షణం ఫొటో వంక చూసి, "పాలు పొంగుతున్నాయేమోనని చూస్తున్నాను" అంది.

నాన్నగారు తృప్తిగా తలూపారు.

అంచేత లెక్కల కుర్రాడికి నేను చెప్పింది ఇంతే. పచ్చి బొమ్మలు పారేయకు, భద్రంగా దాచు. కొత్త కూర్పు వచ్చిన రోజున అందులో నువ్వు చూడనిది ఏదో కనిపించవచ్చు. ఇకముందు రెండు రకాలూ కలిపి తియ్యి. అడోబీ వారు 2004లో డీఎన్‌జీ అని అందరికీ పనికొచ్చే పచ్చి బొమ్మ పద్ధతి ఒకటి ప్రకటించారు. అందులోకి మార్చే పనిముట్టు ఉచితమే. అది నీ కెమెరాని ఎరుగుతుందేమో చూడు. అవన్నీ తరవాత సంగతి. ముందు కెమెరా వండి పెట్టిన అన్నం పైకి తీసి, ఇవాళ సాయంత్రమే మీ ఇంట్లో పెద్దవాళ్ళకి వడ్డించు.

"కాని వాటిలో చెల్లెలి మొహం మీద నీడ పడింది మాస్టారూ! దిద్దకుండా ఎలా చూపించను?" అన్నాడు.

"ఇంతకీ మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరయ్యా?" అన్నాను.

"మామ్మ ఉందండీ. ఎనభై తొమ్మిదేళ్ళు. పెళ్ళికి రాలేకపోయింది. రోజూ అడుగుతోంది."

నేనింకేమీ అనలేదు. వాడే లేచి, సాయంకాలం క్లాసు మరొకరికి అప్పగించి, సైకిల్ స్టాండు వైపు గబగబా వెళ్ళిపోయాడు.