పులికాట్ గడ్డిలో మోకాటి లోతు కష్టం

చైత్రం వచ్చేసరికి సూళ్లూరుపేట, తడ ప్రాంతాల్లో వరికోతలు ముగింపుకొస్తాయి. ఉన్న కాస్త కోతపనిని కూడా యంత్రం మింగేసింది. అప్పుడు మన కూలీ జనం ఎటు పోవాలి? పొలం గట్టు దిగి పులికాట్ నీళ్లలోకి పోతారు. మోకాటి లోతు ఉప్పునీటిలో నడుములు వంచి, గడ్డి మధ్య చేతులతో తడిమి రొయ్యను, పీతను పడతారు. ఇట్లా చేతులతో పట్టేవారిలో యానాదులే ఎక్కువ. వీరికి పడవ లేదు, చాలామందికి వల కూడా లేదు. చేతులే వల.

ఈ గడ్డి సంగతి మన కార్యకర్తలు తెలుసుకోవాలి. దీన్ని చాలామంది నాచు అనుకుంటారు. ఇది నాచు కాదు. వేరు, ఆకు, పువ్వు ఉన్న మొక్క. ఉప్పునీటి అడుగున బురదలో వేరు పట్టుకుని బతుకుతుంది. పులికాట్ దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. లోతు మాత్రం తక్కువ, చాలాచోట్ల మనిషి నడిచిపోవచ్చు. అందుకే ఎండ అడుగుదాకా దిగుతుంది, గడ్డి మొలుస్తుంది. వానలకు కాళంగి, ఆరణి తెచ్చిన బురదనీరు తేరుకున్నాక గడ్డి పుంజుకుంటుంది. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు ముఖద్వారాల గుండా లోపలికొచ్చి ఈ గడ్డిలో దాక్కుని పెరుగుతాయి. పెరిగాక గుడ్లు పెట్టడానికి తిరిగి సముద్రానికి పోతాయి. సముద్రంలో మరపడవ వాడు పట్టే రొయ్యకు కూడా ఉయ్యాల ఇలాంటి లోతు తక్కువ నీళ్లే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల, మోటారు పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఈ నిషేధం అవసరమే. మనం దాన్ని వ్యతిరేకించడం లేదు. ఆ రోజులకు మత్స్యకారులకిచ్చే సహాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10,000 రూపాయలు చేసింది, 2025లో 20,000 చేసింది. మంచిదే. కానీ ఆ జాబితా రాసేది పడవను బట్టి. ఏ పడవ మీద ఎవరు పనిచేస్తున్నారని చూసి పేరెక్కిస్తారు. నీళ్లలో నడిచి పట్టేవాడి పేరు ఏ పడవ కింద రాస్తారు? రేవులో గంప మోసి అమ్మే ఆడమనిషి పేరు ఎక్కడ రాస్తారు?

నిషేధం సముద్రానికి గదా, సరస్సులో మిమ్మల్నెవరు ఆపారు అని అడగవచ్చు. నిజమే, చట్టం ఆపలేదు. ఎండ ఆపింది, ఇసుక ఆపింది. ఉత్తరాన తూపిలిపాలెం దగ్గర రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సముద్రపు నీరు లోపలికి రాదు. ఎండలు ముదిరేకొద్దీ సరస్సు ఉత్తర భాగం ఎండుతుంది, మిగిలిన నీటిలో ఉప్పు పెరుగుతుంది. గడ్డి చస్తుంది, రొయ్య పోతుంది. పడవవాడికి పని లేని ఆ రెండు నెలలే నడిచి పట్టేవాడికీ కరువు. ఒకరికి సాయం, ఇంకొకరికి మొండిచెయ్యి! ఇదేం న్యాయం?

ఇక రొయ్యల చెరువుల సంగతి. పులికాట్, చిలికా సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండరాదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు చేసిన చట్టం తీరప్రాంత చెరువుల వ్యాపారానికి తిరిగి తలుపు తీసింది. 2011, 2019 తీరప్రాంత నిబంధనల్లో సముద్రపు గడ్డిని అన్నిటికన్నా గట్టిగా కాపాడవలసిన వాటిలో చేర్చారు. కాగితం మీద గడ్డికి ఉన్న విలువ ఆ గడ్డిలో బతికే మనిషికి లేకపోయింది. పెట్టుబడి ఉన్నవాడికి చట్టం వంగుతుంది, నడుము వంచి బతికేవాడికి మాత్రం వంగదు.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. వాళ్లు చేపలోళ్లు, మనది కూలి సంఘం అనుకుని చాలాకాలం వీరి గుడిసెలకు పోలేదు. మాఘంలో చేలో, చైత్రంలో నీళ్లలో కష్టపడేది ఒకే మనిషి అని గుర్తించలేదు. దోమతెరలాంటి సన్నకంటి వలలతో పిల్లరొయ్యను ఊడ్చడం రేపటి కూటిని ఇవాళ తినడమేనని మనవాళ్లకు నచ్చజెప్పే పని కూడా మనదే. కాని అప్పు పెట్టి, తక్కువ ధరకు సరుకు గుంజుకునే దళారీ పట్టు సడలించకుండా ఆ మాట చెబితే ఎవరి చెవికెక్కుతుంది?

కాబట్టి ఈ కోర్కెలతో కదలాలి. పడవ లేని వేటగాళ్ల, చేపలమ్మే స్త్రీల పేర్లు గ్రామసభలో రాసి సహాయ జాబితాలో చేర్చాలి. ఎండలు ముదరకముందే ముఖద్వారం పూడిక తీయాలి. తీసేటప్పుడు గడ్డి ఉన్న మేటలను తవ్వరాదు. సరస్సు ఎండిన నెలల్లో ఊళ్లోనే ప్రభుత్వం పని చూపాలి.

జాబితా అధికారులు రాసిందాకా ఆగవద్దు. ప్రతి గుడిసె తిరిగి మన చేత్తో మనమే రాద్దాం. ఆ కాగితం పట్టుకుని నీళ్లలో దిగేవాళ్లే ముందు నడవాలి. మనం వాళ్ల వెంట నడుద్దాం.