మైదానం మునిగేదీ మురుగు కాలువ వల్లే

పట్టణాల్లో బాక్స్ క్రికెట్‌కు పరిచిన పచ్చటి ప్లాస్టిక్ టర్ఫ్ చూసి, మన హైస్కూలు మైదానాలకూ అదే వేయిస్తే బాగుంటుందన్న మాట ఊళ్లలో వినబడుతోంది. పిల్లల ఆటలకు ఖర్చు పెడతామంటే రైతు సంఘానికి అభ్యంతరం ఏముంటుంది? ఆడేది మన పిల్లలే. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్న దానిమీద మాత్రం మనం చెప్పవలసింది ఉంది.

ముమ్మిడివరం చుట్టుపక్కల వానాకాలంలో మైదానం పాడయ్యేది నీరు నిలిచి. బురదలో తొక్కుడు పడి, ఎండాక గోతులు మిగులుతాయి. పక్కన సార్వా చేను మునిగేదీ అందుకే. పంట కాలువ తెచ్చిన నీటిని మురుగు కాలువ తీసుకుపోవాలి. తూడు, గుర్రపుడెక్క కమ్మేసిన కాలువ ఏం తీసుకుపోతుంది? సముద్రం పోటు మీద ఉంటే నీరు వెనక్కి తన్నుతుంది కూడా. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు అడిగింది ఈ కాలువల బాగు గురించే. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్లీ అదే గడ్డమీద అదే మాట ఎత్తవలసి వచ్చింది.

టర్ఫ్ కింద కంకర పొరలు వేస్తాం, నీరు ఇట్టే దిగిపోతుందంటారు. దిగి ఎక్కడికి పోతుంది? బయటి కాలువ మట్టం మైదానం కంటే ఎత్తున ఉంటే లక్షలు పోసిన టర్ఫ్ కూడా మునుగుతుంది. టర్ఫ్ పోగుల మధ్య పోసేది చాలాచోట్ల పాత టైర్ల రబ్బరు పొడి. తుపాను నీటితో అది కాలువలోకి, చేపల చెరువుల్లోకి చేరుతుంది. ఇలాంటి ప్లాస్టిక్, రబ్బరు గుళికల అమ్మకాన్ని 2031 అక్టోబరు నుంచి ఆపాలని యూరోపియన్ యూనియన్ 2023లోనే నిర్ణయించింది. అక్కడ వద్దనుకున్నది ఇక్కడ కొత్తగా కొనడం ఏం తెలివి? పైగా ఎండలో ప్లాస్టిక్ టర్ఫ్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది. మన పిల్లల్లో వట్టి కాళ్లతో ఆడేవారే ఎక్కువ. ఎనిమిది, పదేళ్లకు అరిగిన టర్ఫ్‌ను పీకి ఎక్కడ పారేస్తారో కూడా చెప్పాలి.

హాకీ సంగతి వేరు. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్స్ హాకీ పోటీలు కృత్రిమ టర్ఫ్ మీదే జరుగుతున్నాయి. కాబట్టి కాకినాడ లాంటి కేంద్రంలో అది ఉండాల్సిందే. ఊరి మైదానంలో పిల్లలు ఆడేది కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, క్రికెట్. ఫుట్‌బాల్‌లోనైతే 2026 ప్రపంచ కప్‌కు ఫిఫా సహజమైన గడ్డినే తప్పనిసరి చేసింది.

ఆ గడ్డి మనకు కొత్తదేం కాదు. గట్టుమీద కలుపని పీకే గరికే ప్రపంచమంతా బెర్ముడా గడ్డి పేరుతో మైదానాలకు వాడుతున్నారు. అమెరికాలోని టిఫ్టన్‌లో గరికను మరో జాతితో కలిపి తయారుచేసిన 'టిఫ్‌వే' 1960లో విడుదలైంది. వినాయక చవితికి కోసుకొచ్చే గరికకు అది దగ్గరి చుట్టమే! గోదావరి దాటితే కడియం నర్సరీల్లో లాన్ గడ్డిని పంటలా పెంచి, చాపల్లా కోసి అమ్ముతున్నారు. మైదానానికి గడ్డి కొంటే ఆ డబ్బు రైతుకీ కూలీకీ చేరుతుంది.

గడ్డికి చాకిరీ ఉంది, కాదనం. రోజూ ఆడితే గోల్ దగ్గర, పిచ్ దగ్గర నేల బోడి అవుతుంది. మైదానానికి విశ్రాంతి ఇవ్వాలి, గేదెలు దూరకుండా కంచె కట్టాలి, కోసి నీళ్లు పెట్టే మనిషికి నెలనెలా జీతమివ్వాలి. ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించే వారికి ఈ జీతం పద్దే గుర్తుండదు.

అందుకే నగర పంచాయతీని, జలవనరుల శాఖను మేమడిగేది ఇది. ఏ మైదానానికైనా అంచనాలు వేసేముందు దాని మట్టం, పక్క మురుగు కాలువ మట్టం కొలిచి ఊళ్లో నోటీసు బోర్డు మీద పెట్టండి. జూన్ రాకముందే తూడు తీయించండి. ఆ కాలువ కింది రైతులను పిలిచి అడిగాకే మిగతా పని మొదలుపెట్టండి.