బిడ్డల నప్పగించునపుడు

బిడ్డ నొకరి చేతి కప్పగించుట గృహిణికి నిత్యకృత్యము. బడిలో ఉపాధ్యాయునికి, జబ్బు చేసినపుడు వైద్యునికి, పై చదువులకై హాస్టలు వార్డెనునకు. వీరిలో పెక్కుమంది మన కృతజ్ఞతకు పాత్రులే. అయినను దుర్బుద్ధి గలవాడు బిడ్డలు దొరకు చోటునే వెదకుకొనును. వృత్తికి గల గౌరవమే వానికి ముసుగగును.

2007లో భారత ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ప్రకటించిన నివేదికకై 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించిరి. ఆంధ్రప్రదేశమును అందొకటి. సగమునకు పైగా పిల్లలు ఏదో యొక లైంగిక దుశ్చేష్టకు గురియైతిమని చెప్పిరి. ఆ పని చేసినవారిలో సుమారు సగము మంది బిడ్డ యెరిగినవారో, నమ్మినవారో. కావున కొత్తవారితో పోవలదని బిడ్డకు చెప్పినంతనే సరిపోదు.

ఉద్యోగుల పూర్వచరిత్రను పోలీసులచే విచారింపజేయవలెనని 2020 నాటి పోక్సో నియమములు బడులకును, శిశుసంరక్షణాలయములకును విధించినవి. అది అవశ్యమే, కాని అదియే చాలదు. 2002లో ఇంగ్లండునందలి సోహమ్ పట్టణమున ఇద్దరు బాలికలను చంపినవాడు ఒక బడి ఉద్యోగి. వానిపై అంతకుముందే పలు ఆరోపణలు వచ్చియుండెను. ఆ సంగతి బడివారికి చేరలేదు.

మరి అపాయమును గుర్తించు టెట్లు? మనిషి ముఖమును గాక, పని జరుగు తీరును చూడవలెనని మేమందుము. పెద్దవారొకరు బిడ్డతో తలుపు మూసికొని యొంటరిగా నుండు వీలు కలదా? వైద్యుడు పరీక్షించునపుడు తల్లిని దగ్గర నుండనిత్తురా? హాస్టలులో రాత్రివేళ నెవరుందురు? బిడ్డ తన కష్టము నెవరితో చెప్పుకొనవలెను? ఇట్లడుగుట యవమానించుట కాదు. మంచి ఉపాధ్యాయుడు సంతోషముతో బదులు చెప్పును. ఆ యేర్పాట్లు అతని పేరును సైతము కాపాడును గదా! ‘అమ్మతో చెప్పవద్దు’ అని బిడ్డకు బహుమానము లిచ్చువారి యెడల మాత్రము జాగ్రత్త వహింపుడు.

బిడ్డ చెప్పినచో గద్దింపక వినుడు, నమ్ముడు. 2012 నాటి పోక్సో చట్టము ననుసరించి, తెలిసినవారు పోలీసులకు తెలుపక తప్పదు. దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు ఖైదు. బిడ్డ మాటలను ఇంటియొద్దనో, బిడ్డ కోరిన చోటనో, సాధ్యమైనంతవరకు స్త్రీ అధికారియే, యూనిఫారము లేకుండ వ్రాసికొనవలెను. బిడ్డ పేరు పత్రికల కెక్కరాదు. సహాయమునకు 1098 అను ఫోను కలదు.

పరువునకు వెరచి బిడ్డ నోరు మూయించితిమా, నిలుచునది దుర్మార్గుని పరువే గాని మన యింటిది కాదు.